ఏడూ పదికి బయలుదేరిన రైలు

ఆసుపత్రిలో అందరూ అతన్ని గడియారం అనేవారు. వార్డు ఆయాల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అదే పిలుపు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. అతని పని పెట్టె మోయడం. ఒక ఊళ్ళో చనిపోయిన మనిషి కాలేయమో మూత్రపిండమో మంచుపెట్టెలో పెట్టి ఇస్తే, దాన్ని ఇంకో ఊళ్ళో బల్ల మీద ఎదురుచూస్తున్న మనిషికి చేర్చాలి. రెండు ఊళ్ళకీ మధ్య నాలుగు వందల కిలోమీటర్లు. పధ్నాలుగేళ్ళుగా అదే దారి.

పెట్టె చేతికి అందిన నిమిషం, అవతలి ఆసుపత్రి గుమ్మంలో దించిన నిమిషం, రెండూ చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ఎవరూ అడిగింది కాదు, అదో అలవాటు. మొదట్లో రైలు ఒక్కటే ఉండేది. ఆరేళ్ళ కిందట ఊరి అవతల విమానాశ్రయం కట్టాక, ఒకోసారి ఇటూ ఒకోసారి అటూ పంపేవారు. అతను రెండూ పక్కపక్కనే రాశాడు.

విమానం గాల్లో ఉండేది గంటే. కానీ విమానాశ్రయానికి వెళ్ళడానికో గంట, అక్కడ తనిఖీలకీ వరసలకీ గంటన్నర, దిగాక మళ్ళీ ఊళ్ళోకి రావడానికో గంట. రైలు అలా కాదు. స్టేషను ఆసుపత్రికి పది నిమిషాల దూరం, అవతలి స్టేషను ఇంకా దగ్గర. ఎండాకాలంలో విమానమే గంటా గంటన్నర ముందు చేరేది. పొగమంచు నెలల్లో మాత్రం లెక్క తిరగబడేది. రైలు అరగంట ఆలస్యమైతే విమానం పూటంతా ఆలస్యమయ్యేది. చలికాలంలో విమానంలో వెళ్ళింది ముప్పయ్యొక్క సార్లు. అందులో పందొమ్మిదిసార్లు రైలే ముందు చేరి ఉండేది.

ఈ లెక్క అతను చెప్పింది అక్కకీ బావకీ మాత్రమే.

అక్కాబావలదీ, తనదీ ఒకే ఇంట్లో రెండు వాటాలు. విమానాలు దిగే దారి సరిగ్గా ఇంటి పైనుంచే. డాబా మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగు తిరిగేవి. అక్క ఉతికినవే మళ్ళీ ఉతుకుతూ ఆకాశాన్ని తిట్టేది. బావ పని విమానాలకి ఇంధనం పట్టడం. ఆరేళ్ళు ఆ గొట్టం మోసి మోసి, ఆ వాసన పీల్చి పీల్చి, మాటకో దగ్గు తెచ్చుకున్నాడు.

"ఏమోయ్ బావమరిదీ, నిన్న నువ్వెక్కిన విమానానికి పట్టింది నేనే," అన్నాడో ఆదివారం అన్నాల దగ్గర. "నీ ఒక్క సీటు వంతుకే ఇరవై లీటర్లు తాగిందిరా. అదే రైల్లో పోతే నీ వంతుకి రెండు మూడు లీటర్లపాటి కరెంటు చాలు."

"నీ కొలువు పోయే మాట నువ్వే చెప్తున్నావు బావా."

"పోతే పోనీ. ఈ దగ్గు కూడా దాంతోనే పోతుందేమో," అని నవ్వబోయి, నవ్వంతా దగ్గైపోయి, మంచినీళ్ళ గ్లాసందుకున్నాడు.

"ఆ పుస్తకం ఎవరికైనా చూపించరాదూ?" అంది అక్క.

"అడిగితే చూపిస్తాలే అక్కా," అన్నాడు గడియారం. నోట్లో నాలుక లేని మనిషని అక్కకి తెలుసు. ఇంకో గరిటె పప్పు వడ్డించింది.

ఆ చలికాలం మధ్యలో, ఒక తెల్లవారుజామున నాలుగున్నరకి, లారీ గుద్దిన ఒకాయన కాలేయం తీశారు. వయసైన మనిషిది. పది గంటలు దాటితే పనికిరాదని డాక్టరు ముందే చెప్పాడు. అంటే మధ్యాహ్నం రెండున్నర లోపల అవతల ఉండాలి. అయిదూ ముప్పావుకి పెట్టె గడియారం చేతికొచ్చింది. ఆపరేషను గది బయట చనిపోయినాయన భార్య నిలబడి ఉంది. దగ్గరికొచ్చి పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

"ఆయనకి బండి కుదుపులంటే పడదు నాయనా. మెల్లగా తీసుకెళ్ళు," అంది.

అతను తల ఊపాడు. ఇన్నేళ్ళలో పెట్టెలో ఉన్నది ఒక మనిషిదని ఇంత దగ్గరగా అనిపించడం అదే మొదలు.

గేటు దగ్గర కారు సిద్ధంగా ఉంది. రవాణా చూసే అధికారి శాలువా కప్పుకుని నిలబడ్డాడు. ఆయన ఈ కొలువుకి వచ్చి మూడు నెలలైంది. ఎదురుగా వీధి దీపం ఉందో లేదో తెలియనంతగా మంచు కమ్మేసింది.

"ఎనిమిదింటి విమానం. టిక్కెట్టు డ్రైవరు దగ్గరుంది," అన్నాడు అధికారి.

"సార్, ఏడూ పదికి రైలుంది. పన్నెండుకల్లా దింపుతుంది. ఈ మంచులో విమానం..."

"గంటలో పోయేదాన్ని వదిలేసి అయిదు గంటల రైలెక్కుతావా? కాలం మారిందయ్యా. ఎక్కు."

పుస్తకం చొక్కా జేబులోనే ఉంది. తీసి ఆ పేజీ చూపిస్తే సరిపోయేది. పెద్దవాళ్ళతో వాదనెందుకనుకున్నాడు. ఈ ఒక్కరోజు విమానం సమయానికి లేస్తుందేమోననీ అనుకున్నాడు. కారెక్కాడు.

ఏడూ పదికి, రైలు కదిలే వేళకి, అతను విమానాశ్రయంలో తనిఖీ వరసలో ఉన్నాడు. ఎనిమిదింటికి బోర్డు మీద అరగంట ఆలస్యమని పడింది. ఎనిమిదిన్నరకి ఇంకో అరగంట. ఒకేసారి మూడు గంటలని చెప్పి ఉంటే ఏదో ఒక దారి వెతుక్కునేవాడు. అరగంటేగా అనుకుంటూ అక్కడే ఉండిపోయాడు. అధికారికి ఫోను చేస్తే, "వచ్చేస్తుందయ్యా, కంగారు పడకు," అన్నాడు. తరవాతి రైలు ఒంటిగంటకి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పదింటికి విమానం ఎక్కించారు. తలుపులు వేశారు. విమానం రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్ళి, ముందున్న తొమ్మిది విమానాల వెనక ఆగింది. ఇంజన్లు రొద పెడుతూనే ఉన్నాయి. గంటా ఇరవై నిమిషాలు అలాగే. పక్క సీటాయన గురక పెట్టాడు. గడియారం ఒళ్ళో పెట్టె మీద రెండు చేతులూ వేసి కూర్చున్నాడు. చివరికి విమానం వెనక్కి తిరిగింది. నిలబడి నిలబడే ఇంధనం తాగేసింది, మళ్ళీ పట్టాలన్నారు.

కిటికీలోంచి చూస్తే మంచులోంచి ట్యాంకరు వచ్చింది. ముఖానికి మఫ్లరు చుట్టుకున్న మనిషి దిగి గొట్టం లాగాడు. మధ్యలో ఆగి, వంగి, దగ్గాడు. ఆ వంగి దగ్గే తీరే చెప్పింది, బావ అని. గడియారం అద్దం మీద తట్టాడు. చుట్టూ ఉన్న విమానాల హోరులో ఎవరికి వినపడుతుంది? రెక్క కింద నిలబడి బావ, ఎక్కడికీ కదలని విమానానికి మళ్ళీ మొదటినుంచీ పట్టాడు. పని కాగానే ట్యాంకరెక్కి మంచులో కలిసిపోయాడు.

పన్నెండున్నరకి విమానం లేచింది. ఆ వేళకి రైలు, మంచుతో ఆలస్యమైనా, అవతలి స్టేషనుకి చేరిపోయింది. దిగాక దారంతా బళ్ళు. ఆసుపత్రి గుమ్మంలో పెట్టె దించేసరికి మూడూ యాభై.

డాక్టరు పెట్టె తెరిచి, లోపలికి తీసుకెళ్ళి, పావుగంటలో వట్టిచేతులతో బయటికొచ్చాడు. "లాభం లేదు. పెట్టినా పనిచెయ్యదు," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, అలసటే ఉంది.

ఎదురుచూస్తున్నావిడ బడిపిల్లల దుస్తులు కుట్టే మనిషి. ముప్పయ్యెనిమిదేళ్ళు. ఇంకో కాలేయం దొరికే దాకా ఆగలేదు. ఐదోరోజున పోయింది.

అవతలి ఆసుపత్రిలో విచారణ పెట్టారు, ఇక్కడి పెద్ద డాక్టరూ వెళ్ళాడు. అధికారి, "అంతా వాతావరణం," అన్నాడు. అప్పుడు గడియారం జేబులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. పెద్ద డాక్టరు పేజీలన్నీ తిప్పి, కళ్ళజోడు తీసి, "ఇన్నాళ్ళూ ఇదెక్కడుందయ్యా?" అని అడిగాడు. గడియారం ఖాళీ జేబు మీద చెయ్యి వేసి చూపించాడు.

బయట వసారాలో చనిపోయినావిడ తమ్ముడు కూర్చుని ఉన్నాడు. గడియారాన్ని చూసి లేచాడు.

"పెట్టె తెచ్చింది మీరే కదండీ. ఒక్క మాట చెప్పండి. రైల్లో వస్తే అందేదా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ క్షణంలో అదే దయ అనిపించింది కూడా. కానీ నోటికి నిజమే వచ్చింది. "అందేది బాబూ. పన్నెండున్నరకే."

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదా?"

"చెప్పాను. ఒకసారి."

"ఒక్కసారేనా?" అన్నాడు అతను. అరవలేదు, కొట్టలేదు. అక్క చెప్పులున్న సంచీ తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి గడియారం అన్నం ముట్టలేదు. బావ పక్కన కూర్చుని, "ఆ విమానంలో నువ్వున్నావని తెలిస్తే గొట్టం పారేసి వచ్చేవాణ్ణిరా," అన్నాడు. "వచ్చి ఏం చేసేవాడివి బావా? నేను కారెక్కినప్పుడే అయిపోయింది," అన్నాడు గడియారం. అక్క కంచం తీసి మూతపెట్టింది.

మార్చిలో ఆసుపత్రి కొత్త నియమం రాసింది. పొగమంచు నెలల్లో పెట్టెలన్నీ పొద్దుటి రైల్లోనే పంపాలని. కింద గడియారం అసలు పేరు కూడా వేశారు, లెక్కలు అతనివని. ఆ కాగితం గోడకెక్కిన మూడు వారాలకి ఏడూ పది రైలు ఎత్తేశారు. జనమంతా విమానాలెక్కుతున్నారు, బోగీలు సగం ఖాళీ అట. స్టేషనుకి వెళ్ళి అడిగితే, కిటికీలోని గుమాస్తా తలెత్తకుండానే, "ఇంక ఒంటిగంట బండే," అన్నాడు.

గడియారం ఉద్యోగం మానలేదు. మానితే అతని చోట ఇంకొకడు వచ్చి, ఎక్కమంటే ఎక్కేస్తాడని అతని భయం. అధికారి వేరే చోటికి వెళ్ళిపోయాడు, కొత్తాయన వచ్చాడు. మరుసటి చలికాలం మొదటి పెట్టె పొద్దున్నే చేతికొచ్చినప్పుడు గడియారం కారు తలుపు దగ్గర నిలబడి, ఈ మంచులో విమానం వద్దని ఒకసారి చెప్పాడు, రెండోసారి చెప్పాడు, మూడోసారి గొంతు పెంచి చెప్పాడు. కొత్తాయన విసుక్కోలేదు. ఓపిగ్గా విని, "నిజమేనయ్యా. కానీ ఏ రైల్లో వెళ్తావు?" అన్నాడు.

కారు విమానాశ్రయం వైపే తిరిగింది.