ఖాదర్ అంకుల్ జేబులో బెయిల్స్

నిన్న పొద్దున షిఫ్ట్‌లో ఉండగా సియోనె ఫోన్ చేశాడు.

"బ్రో, అంకుల్ పోయారు," అన్నాడు. ఏ అంకుల్ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ ఉన్నది ఒక్కరే అంకుల్.

ఖాదర్ అంకుల్. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఫోర్క్‌లిఫ్ట్ పక్కకి ఆపి అలాగే కూర్చుండిపోయాను. మొన్న శనివారమే కదా, ఎండలో రోజంతా నిలబడి నా ఎల్బీ అప్పీళ్ళకి తల అడ్డంగా ఊపారు!

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. అంకుల్‌ది నల్గొండ. ఆక్లాండ్‌లో ఇరవై ఏళ్ళు బస్సు నడిపారు. శనివారాలు పాపటోయిటోయిలో మా పార్క్ క్రికెట్‌కి అంపైర్. తెల్ల కోటు, జేబులో యాలకులు.

నేను గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఒక మ్యాచ్. అవతలి టీం ఫీల్డర్ ఒకడు ఓవర్ ఓవర్‌కీ "నీ దేశానికి పో" అంటున్నాడు. నేను తల వంచుకుని ఆడుతున్నాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడికి గొడవలెందుకు?

అంకుల్ విన్నారు. నడుచుకుంటూ వచ్చి, స్టంప్స్ మీదున్న రెండు బెయిల్స్ తీసి జేబులో వేసుకున్నారు. ఆ రెండు చిన్న పుల్లలు లేకపోతే ఆట లేదు. "సారీ చెప్పేదాకా నో క్రికెట్," అని గడ్డిలో కూర్చుని యాలక్కాయ నోట్లో వేసుకున్నారు.

వాళ్ళ కెప్టెన్ బతిమాలాడు. అరిచాడు. చివరికి ఆ ఫీల్డర్ని తీసుకొచ్చి నాకు సారీ చెప్పించాడు.

ఈ దేశంలో నా వైపు ఒకరు నిలబడటం అదే మొదటిసారి. సాయంత్రం అంకుల్‌ని భుజాల మీద ఎత్తుకుని గ్రౌండంతా తిప్పాం. మనోడంటే ఇలా ఉండాలి అనుకున్నాం.

మూడేళ్ళ తర్వాత ఫైనల్. బౌలింగ్ నాది. బ్యాటింగ్ సియోనెది. అప్పటికి అతనెవరో నాకు తెలియదు. టాంగా వాళ్ళబ్బాయి, భారీ మనిషి. నా బంతుల్ని వరసగా మూడు ఫోర్లు బాదాడు.

నాకు ఒళ్ళు మండింది. వెనక్కి నడుస్తూ అతని రంగు మీద, ఒంటి మీద తెలుగులో ఒక మాట వదిలాను. ఆ మాట ఇక్కడ రాయను. మావాళ్ళు పగలబడి నవ్వారు.

తిరిగి చూసేసరికి బెయిల్స్ లేవు.

"అంకుల్, తెలుగులో కదా అన్నాను. అతనికి అర్థం కాలేదుగా!"

"నాకు సమజైంది గద బేటా," అన్నారు. "పోయి ఆయనకు ఇంగ్లీష్‌ల చెప్పు. ఏమన్నవో మొత్తం చెప్పు. అటెన్క సారీ చెప్పు."

మావాళ్ళు ఆయన మీద విరుచుకుపడ్డారు. మనోడై ఉండి మనకే వెన్నుపోటా అన్నారు. చేతికొచ్చిన కప్పు పోతుందన్నారు. అంకుల్ గడ్డిలో కూర్చుని జేబులోంచి యాలకులు తీశారు.

"జల్ది ఏం లేదు. పొద్దు శాన ఉంది."

పిచ్ ఆ చివరిదాకా నడిచాను. తెలుగులో ఊరికే ఊడిపడిన మాట ఇంగ్లీషులో గొంతు దాటి రావడం లేదు. రెండుసార్లు మింగాను. మూడోసారి చెప్పాను, మొత్తం. సారీ చెప్పాను.

సిగ్గుతో చచ్చిపోయాను, అబద్ధమెందుకు. నన్ను దేశం విడిచి పొమ్మన్న ఆ ఫీల్డర్ మొహం గుర్తొచ్చింది. ఆ రోజు ఆ మొహం నాదే.

సియోనె గ్లవ్ విప్పాడు. "ఇలాంటివి చిన్నప్పటి నుంచీ వింటున్నా. అన్నవాడు ఎదురుగా వచ్చి ఒప్పుకోవడం ఇదే ఫస్ట్," అన్నాడు. చెయ్యి చాచాడు.

"ఇక బాల్ వెయ్, బ్రో."

వేశాను. సిక్స్! బంతి వెళ్ళి కార్ పార్క్‌లో నా కారు బానెట్ మీదే పడింది. అంకుల్ రెండు చేతులూ ఎత్తిన తీరు మీరు చూడాల్సింది. చేసిన పాపం ఊరికే పోతుందా!

కప్పు పోయింది, సియోనె దొరికాడు. తర్వాతి సీజన్‌కి అతన్ని మా టీంలోకి లాక్కొచ్చాం. అతని వెనకే ఇద్దరు ఫిజీ వాళ్ళు, ఒక మావొరీ కుర్రాడు వచ్చారు. ఆ ఏడు కప్పు మాదే. ఆట అయ్యేదాకా పెదవి కదపని అంకుల్, అయ్యాక కోటు విప్పకుండానే తీన్మార్ ఆడారు.

ఇవాళ మధ్యాహ్నం జనాజా, అంకుల్ అంతిమయాత్ర. ముందు భుజం పట్టింది సియోనె, నేను. నడుస్తుండగా పక్కనుంచి ఎవరో నా భుజం తట్టారు.

ఆ ఫీల్డర్. ఎవరూ పిలవలేదు, తనే వచ్చాడు. "కాసేపు నేను మొయ్యనా?" అని అడిగాడు.

భుజం మార్చుకున్నాను.

అంకుల్‌ని భుజాల మీద ఎత్తుకోవడం ఇది రెండోసారి. ఈసారి టీంలన్నీ కలిసి ఎత్తుకున్నాం. ఏడుస్తూనే ఉన్నా గానీ, లోపల గర్వంగా ఉంది.

తిరిగొచ్చాక ఆంటీ ఆ తెల్ల కోటు నా చేతిలో పెట్టారు. "నువ్వే తొడుక్కో బేటా. శనివారం ఆట ఆగొద్దు," అన్నారు.

జేబులో చెయ్యి పెట్టాను. నాలుగు యాలకులు తగిలాయి.

ఈ శనివారం అంపైర్ నేనే. ఎవడు నోరు జారినా, ఏ భాషలో జారినా, బెయిల్స్ నా జేబులోకి వస్తాయి. మనోడైతే ఇంకా ముందొస్తాయి.

పోయి రండి అంకుల్. మీరున్న చోట చల్లటి నీడ, మెత్తటి గడ్డి ఉండాలి. నిమ్మళంగా కూర్చోండి, ఇక్కడ మేం చూసుకుంటాం.