మామ చెవిలో వెనకపాట

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, ఆదోనిలో మా సెల్‌ఫోన్ల దుకాణం వెనకగదిలో పాత కంప్యూటర్, మైకు పెట్టుకుని దానికి రికార్డింగ్ స్టూడియో అని పేరు పెట్టుకున్నాను. (చప్పుడు మింగుతాయని గోడలకు కోడిగుడ్ల అట్టలు కూడా అంటించాను, బల్లులు సంతోషించాయి.) ఆటోలకు కట్టే మైకుల ప్రకటనలు తప్ప అక్కడ పాటన్నది పుట్టిన పాపాన పోలేదు. అలాంటి గదికి గోనెగండ్ల నుంచి మా మామ వచ్చాడు. ఊళ్లో శనివారం భజనకు ఆయనదే ముందుపాట. గొంతులో పుండు ముదిరింది. మర్నాడే కర్నూలులో ఆపరేషన్. ప్రాణం నిలవాలంటే గొంతుపెట్టె తీసెయ్యాలన్నారు డాక్టర్లు. "గొంతు పొయ్యేలోపల ఒక్క కీర్తన పట్టిపెట్టప్పా" అన్నాడు.

నా దగ్గరున్న ఏకైక గొప్ప వస్తువు, తీగలేని హెడ్‌ఫోన్, ఆయన చెవులకు తగిలించాను. పాడిన మాట కంప్యూటర్లో తిరిగి ఆయన చెవికి చేరేసరికి రెప్పపాటు ఆలస్యమయ్యేది. పక్కన వినేవాడికి అదొక లెక్కలోకి రాదు. పాడేవాడికి మాత్రం వెనక మరొకడు పాడుతున్నట్లే ఉంటుంది. భజనలో ముందుపాటవాడు ఒక లైను అనగానే వెనకవాళ్లు అందుకుంటారు, వాళ్లు ముగించేదాకా ఆయన ఆగుతాడు. మామ ఒక లైను పాడాడు, చెవిలో గొంతు వినబడగానే అలవాటుగా ఆగిపోయాడు. తర్వాత అడిగాడు.

"ఎవురప్పా నా యెనకాల? లైను అయిపోకముందే మీద పడతాండాడే!"

"ఎవురూ లేరు మామా. అది నీ గొంతే."

"నా గొంతా?" అని మైకుకేసి చూశాడు. "అయితే రానీలేప్పా పాపం. రేపట్నుంచి అదీ రాదు."

ఆలస్యం తగ్గిద్దామని నేను సెట్టింగులు మారిస్తే పేలాలు వేగినట్లు ఒకటే చిటపటలు. మళ్లీ మొదటికే తెచ్చాను. మామ కీర్తనంతా లైను లైనుకూ ఆగుతూనే పాడాడు. హెడ్‌ఫోన్ తీసేసి ఇంకోసారి పాడమంటే గాలి తప్ప పాట రాలేదు.

ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నేను ఆ ఖాళీలన్నీ కత్తిరించి, లైన్లు అతికించి, ఎంత పనిమంతుణ్ణో అని మురిసిపోయాను. ఆయన ఇంటికొచ్చాక మొదటి శనివారం గోనెగండ్ల భజనలో ఆ పాట స్పీకరులో పెట్టాను. పాట పరుగెత్తింది. అందరూ నోళ్లు తెరిచి కూర్చున్నారు.

"ఏందప్పా, మీ మామ మాకు సందే ఇయ్యల్యా!" అన్నాడు తాళాలాయన.

మెడకు గుడ్డ చుట్టుకున్న మామ చెయ్యెత్తి ఆపమన్నాడు. చెవి చూపించి, వెనక కూర్చున్నవాళ్లను చూపించాడు. నాకప్పుడు తెలిసింది. (అసలుది చెరిపెయ్యలేదు, నా బద్ధకానికి దండం.) అది పెట్టాను. స్పీకరులో మామ ఒక లైను పాడి ఆగాడు, అందరూ అందుకున్నారు.

ఇప్పుడు నా దగ్గర రెప్పపాటు ఆలస్యం కూడా లేని మంచి సరంజామా ఉంది. ఖాళీలు కత్తిరించి మురిసిపోయిన ఆ పనిమంతుణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ శనివారం మాత్రం నవ్వలేదు. ఎన్నడూ వెనకపాట పాడని మామ, వెనకవాళ్లతో కలిసి తన గొంతుకు తానే పెదవులు కదుపుతున్నాడు.