మళ్ళీ సెలవివ్వండి

మా అనంతకృష్ణగారికి ఏ మాటా మొదటిసారి వినపడదు. మీరు అరిచి చెప్పినా అంతే, చెవిలో చెప్పినా అంతే. అరచెయ్యి చెవికి ఆనించి, మెడ కాస్త ముందుకు చాపి, పెళ్ళిపీటల మీద పురోహితుడంత మర్యాదగా "ఆయ్, మళ్ళీ సెలవివ్వండి" అంటారు. రెండోసారి చెబితే చక్కగా వినపడుతుంది. అదేం చెవుడో ఏ డాక్టరుకీ తెలీదు.

పోనీ ఏ గుళ్ళోనో అర్చకులా అంటే కాదు. భీమవరంలో ఓ పెద్ద కంపెనీ పెట్టిన కంప్యూటర్ రీసెర్చ్ లాబ్‌కి నిరుటిదాకా ఆయన అధిపతి. అందులో మా ప్రాజెక్టు ఏమిటంటే, మనిషి మాట విని అర్థం చేసుకునే యంత్రాన్ని తయారుచెయ్యడం. రొయ్యల రైతు ఫోన్ చేసి తన చెరువు కష్టం చెప్పుకుంటే అది విని జవాబు చెప్పాలి. యంత్రానికి వినడం నేర్పే ఉద్యోగం వినపడని మనిషికిచ్చారంటే ఆ కంపెనీ ఎంత ధైర్యం గలదో చూడండి!

బెంగళూరులో ఉండే మా డైరెక్టర్ మణిశంకర్‌గారు తెలుగాయనే గానీ, పుట్టి పెరిగిందంతా అటే. ఓ రోజు ఫోన్ చేసి, "ప్రాజెక్టు ఎందాకా వచ్చిందండీ?" అన్నారు.

"ఆయ్, మళ్ళీ సెలవివ్వండి."

"మళ్ళీనా? మొన్నేగా నాలుగు రోజులు ఇచ్చాను!"

"ఇచ్చారండి. మళ్ళీ సెలవివ్వండి."

"ఎన్ని రోజులు కావాలి మీకు?" అని ఆయన గద్దించారు. అవతల ఆయన రిజిస్టర్‌లో రెండు రోజులు సెలవు రాసేసుకున్నారు కూడా. అనంతకృష్ణగారు ఆ రెండు రోజులూ ఆఫీసుకొచ్చి పనిచేశారు. ఇచ్చిన సెలవు కాదంటే డైరెక్టర్‌గారు నొచ్చుకుంటారట!

క్యాంటీన్ పెదబాబు "టీ తెమ్మంటారా సార్?" అంటే "మళ్ళీ సెలవివ్వండి" అనేవారు. పెదబాబు మొదటిదానికొకటి, రెండోదానికొకటి లెక్కేసుకుని రెండు కప్పులు తెచ్చేవాడు. ఆ రెండో కప్పు నేను తాగేదాన్ని.

ఇంకోసారి మా రాజేంద్ర గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "సార్! సర్వర్ రూంలో పొగ!"

"ఆయ్, మళ్ళీ సెలవివ్వండి."

రాజేంద్ర ఊపిరి తీసుకున్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. ముక్కు ఎగబీల్చాడు. "సార్... సర్వర్ రూంలో... అగరబత్తి" అన్నాడు. ఆ రోజు ఆయుధపూజ. మొదటి మాటకే కదిలి ఉంటే కోటి రూపాయల కంప్యూటర్ల మీద బిందెడు నీళ్ళు పోసి ఉండేవాళ్ళం.

ఇంతకీ నా సంగతి చెప్పలేదు కదూ. నా పేరు ఉమాశ్రీ, మాది తణుకు, నాకు నత్తి. ఈ మూడింట్లో మొదటిది చెప్పడానికే నాకు ఎక్కువసేపు పడుతుంది. లాబ్ తెరిచిన రోజే అందరితోపాటు నేనూ చేరాను. ఆ రోజు మీటింగులో "ఉ... ఉ... ఉ..." దగ్గర ఆగిపోతే రాజేంద్ర కిసుక్కున నవ్వాడు, పక్కన ఇంకో ఇద్దరు నవ్వారు. నేను తల దించుకుని కూర్చున్నాను. ఆ మర్నాడు మా పెద్దాయన అనంతకృష్ణగారికి ఏదో చెప్పబోతే, నానా తంటాలూ పడి వాక్యం పూర్తిచేశాక, "ఆయ్, మళ్ళీ సెలవివ్వండి" అన్నారు! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, నా దగ్గరున్న శంఖమైనా సవ్యంగా మోగదాయె. ఆ రోజు బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చాను, ఆయన్ని నోరారా తిట్టుకున్నాను. మనసులో తిట్టుకుంటే నత్తి రాదు.

ఆరు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. ఆరో నెలలో డైరెక్టర్‌గారి ఎదుట యంత్రంతో మాట్లాడి చూపించాలి, అదీ షరతు. కాకపోతే తణుకులో మా మావయ్య జిరాక్స్ షాపు ఉంది. అక్కడ మాట్లాడక్కర్లేదు. కాగితం ఇస్తారు, కాగితం ఇస్తాను. ఇంజనీరింగ్ చదివి, జీవితమంతా కాగితాలు ఇచ్చిపుచ్చుకోవడమేనా అని నా బెంగ.

యంత్రానికి నేర్పడం కోసం నేను మూడు వేల వాక్యాలు రికార్డు చేశాను. అందులో సగం నత్తే. "ఇవి చెడిపోయిన రికార్డింగులు సార్, తీసేశాను" అన్నాడు రాజేంద్ర. పెద్దాయన రెండుసార్లూ విని, "అవి మళ్ళీ పెట్టెయ్యండి" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా నత్తిని పదికాలాలపాటు భద్రంగా దాచిపెట్టాలా ఈయన?

ఇంకో గొడవ. మనిషి ఒక్క సెకను ఆగితే మాట అయిపోయిందనుకుని యంత్రం ఫోన్ పెట్టేసేది. దాన్ని మూడు సెకన్లు ఆగేలా చెయ్యమన్నారు ఈయన.

"మూడు సెకన్లంటే కంప్యూటర్‌కి మూడు యుగాలు సార్!" అన్నాడు రాజేంద్ర.

"మరి మనవాళ్ళు మాట్లాడేది చూశారా? అసలు సంగతి చెప్పడానికి ముందు నాలుగుసార్లు 'ఆయ్' అనుకోవాలి, వక్కపలుకు బుగ్గన సర్దుకోవాలి. ఆగాలండి. అప్పటికీ తెలియకపోతే అడగాలి. తెలీనప్పుడు అడగడంలో నామోషీ ఏంటండీ?" అని, ఆ అడిగే మాట తన గొంతుతోనే రికార్డు చేయించారు.

డైరెక్టర్‌గారు రానే వచ్చారు. గదినిండా జనం. మైకు ముందు నేను. చెప్పాల్సింది ఒక్కటే వాక్యం: చెరువులో రొయ్యలు పైకి తేలుతున్నాయి, ఏం చెయ్యాలి?

"చె... చె... చె..."

అంతే. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. కళ్ళ ముందు మావయ్య జిరాక్స్ మిషను. మణిశంకర్‌గారు పాపం మంచి మనసుతోనే లేచారు. "ఫర్వాలేదమ్మా, నేను చెప్తాను, ఆ మైకు ఇలా ఇవ్వు" అన్నారు.

అనంతకృష్ణగారి అరచెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. "ఆయ్, మళ్ళీ సెలవివ్వండి."

"మైకు ఇవ్వమన్నానండీ!"

"మళ్ళీ సెలవివ్వండి." జీవితంలో మొదటిసారి ఆయనకి రెండోసారి కూడా వినపడలేదు. డైరెక్టర్‌గారు విసిగిపోయి కూలబడ్డారు.

ఈలోగా మూడు సెకన్లూ అయిపోయాయి. స్పీకర్‌లోంచి అదే గొంతు, అదే మర్యాద: "ఆయ్, మళ్ళీ సెలవివ్వండి. తొందరేం లేదండి, వింటున్నాను."

"దీనికి కూడా సెలవు కావాలా?" అని మణిశంకర్‌గారు బెంబేలెత్తారు. గది గదంతా ఘొల్లుమంది. ఆ నవ్వు నా మీద కాదు. నాకూ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే, "చెరువులో రొయ్యలు పైకి తేలుతున్నాయి, ఏం చెయ్యాలి?" అని గడగడా అనేశాను.

"ముందు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు వెయ్యండి, మేత ఆపండి" అంది యంత్రం. వారం తిరక్కుండా నాకు పర్మనెంట్ ఆర్డరు వచ్చింది.

నిరుడు ఆయన రిటైరై కోరుకొండలో స్థిరపడ్డారు. ఇప్పుడు మా ఆఫీసులో ఎవరూ ఏదీ రెండోసారి చెప్పరు. పనులు తొందరగానే అవుతున్నాయి గానీ, ఏదో వెలితి. రెండో కప్పు టీ కూడా లేదు. ఉండబట్టలేక మొన్న ఆదివారం చూసొద్దామని వెళ్ళాను.

వంటింట్లో వాళ్ళావిడ శ్యామలాంబగారు గుసగుసగా, "వంకాయలు కాస్త ముదిరాయమ్మా, ఆయనతో అనకు" అన్నారు.

"వినపడిందిలేవోయ్!" అన్నారు ఆయన, వీధి అరుగు మీంచి.

నేను నోరు తెరిచాను. "మ... మరి చెవుడో?"

"ఈయనకి చెవుడేంటమ్మా! చీమ తుమ్మితే వినపడుద్ది. మూడేళ్ళయింది, ఓ సాయంత్రం ఆఫీసు నుంచి రుసరుసలాడుతూ వచ్చారు. ఎవరో తణుకమ్మాయి కొత్తగా చేరిందట, పేరు చెప్పుకుంటుంటే నవ్వారట. 'రేపట్నుంచి నాకు చెవుడే. ఆ పిల్లొక్కత్తే ఎందుకు రెండుసార్లు చెప్పాలి, అందరిచేతా చెప్పిస్తాను' అన్నారు. ఇంట్లో కూడా ప్రాక్టీసు చేసి నా ప్రాణం తీశారనుకో!"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. విసవిసా అరుగు మీదికి వెళ్ళాను. "నాకెందుకు చెప్పలేదండీ?"

ఆయన పట్టుబడ్డ దొంగలా నవ్వారు. "చెబితే మీరు కృతజ్ఞతలు చెప్పడానికి వస్తారండి. ఆ 'కృ' మీకెంత కష్టమో నాకు తెలీదా? మూడు వేల వాక్యాలూ కూర్చుని విన్నవాణ్ణి."

నాకు పౌరుషం వచ్చింది. థాంక్సని తప్పించుకోదలచుకోలేదు. "కృ... కృ..." అని మొదలుపెట్టాను. శ్యామలాంబగారు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు. వీధిలో ఓ ఆటో వచ్చి, మనుషుల్ని దింపి, చిల్లర ఇచ్చి వెళ్ళిపోయింది. ఆయన కదల్లేదు, మాట అందించలేదు, నా మొహంలోకే చూస్తూ కూర్చున్నారు. చివరికి, "కృతజ్ఞతలండి!" అన్నాను.

"అబ్బ, ఎంత బాగా చెప్పారండీ!" అన్నారు అనంతకృష్ణగారు. "ఇక లేవండి, ముదురు వంకాయ చల్లారితే అస్సలు తినలేం."