ఖఫ్జీ ఇసుకలో వాల్వు కీ

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా, పదకొండేళ్లు నేను ఎడారిలో తిన్న ఖుబూస్ రొట్టెలన్నీ కడుపులో మళ్లీ పిండిముద్దై గడ్డకట్టుగాక. నా భార్య మీద ఒట్టేద్దామంటే ఆమె ఒప్పుకోదు. "నీ ఒట్లకు తలకాయ అడ్డం పెట్టనీకి నేనే దొరికినానా?" అంటుంది. అందుకే రొట్టె మీద ఒట్టు. మా కడప జిల్లాలో నేను వాన పడుతోందని చెప్పినా జనం చెయ్యి బయటికి చాపి చూసుకుంటారు. ఇదొక్కటి మాత్రం చెయ్యి చాపకుండా నమ్మండి.

రెండు వేల సంవత్సరం దాటిన ఐదారేళ్లకు నేను సౌదీలో, కువైట్ సరిహద్దు దగ్గర ఖఫ్జీలో ఉన్నాను. ఊరు దాటి పడమటివైపు పోతే ఇసుక కింద మంచినీళ్ల పైపులైను ఉంటుంది. లైను పొడుగునా అక్కడక్కడా వాల్వు గదులు, వాటికి ఇనుప మూతలు. చలికాలం ఉత్తరపు గాలి లేచిందంటే మూతలన్నీ ఇసుకలో పూడిపోతాయి. ఇనుము తగిలితే కూసే డిటెక్టరుతో మూత ఎక్కడుందో కనిపెట్టి, తవ్వి తీసి, వాల్వు తిప్పి చూసి, నూనె పోసి, రంగు వేసి రావడం మా పని. డిటెక్టరు నాది. అంటే కంపెనీదే, కానీ ఎనిమిదేళ్లుగా నా చెవుల్లో తప్ప ఇంకొకరి చెవుల్లో అది కూసి ఎరుగదు.

గల్ఫులో చలేంటని మా ఊళ్లో నవ్వుతారు. అలా నవ్వేవాణ్ణి జనవరిలో పొద్దున ఆరింటికి ఆ లైను మీద లుంగీతో నిలబెట్టాలని నా కోరిక. నీళ్ల క్యానులో పలచటి మంచు అద్దంలా తేలేది. పార పట్టుకుంటే అరచెయ్యి ఎవరిదో అయిపోయేది. గాలి జాకెట్టు లోపలికి దూరి, ఒంట్లో ఎముకలన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసి, వెనకవైపు నుంచి బయటికి పోయేది.

మా ఫోర్‌మన్‌కి మాత్రం చలి లేదు. గోదావరి జిల్లావాడు, నాకంటే పదేళ్లు చిన్న. ఎక్కడ పని జరిగినా పికప్‌ను గాలి తగలని చోటు చూసి, ఏదో ఒక రాతిదిబ్బ చాటున ఆపించేవాడు. హీటరు పెట్టించి, బూట్లు విప్పి, ఎడారిలో తిరిగే బద్దూలు కప్పుకునే గొర్రెతోలు కోటు కప్పుకుని, కాళ్లు ముందుకు చాపుకుని కూర్చునేవాడు. అద్దం రెండు వేళ్లంత దించి ఆర్డరు వేసి, మళ్లీ ఎక్కించేవాడు. చాటుగా మేమతన్ని హీటరు దొర అనేవాళ్లం. ఎదురుగా సార్. అతను నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్ కడపా!" అనేవాడు, జిల్లా మొత్తం నేనొక్కడినే అయినట్టు.

నేనంటే అతనికి ఎందుకు గిట్టదో నాకు తెలుసు. పని మొదలుపెట్టే ముందు మేం సామాను కింద వేసే ప్యాలెట్ చెక్కలు విరగ్గొట్టి మంట వేసుకునేవాళ్లం. మంట చుట్టూ నా కబుర్లు. అతని హీటరుకంటే నా కబుర్లకే జనం ఎక్కువ. ఒకరోజు నేను, ఇసుకలో పాత కువైట్ యుద్ధం నాటి ట్యాంకు తలకాయ ఒకటి దొరికిందనీ, దాన్ని నాలుగు ఒంటెలకు కట్టి ఈడ్పించి పాత ఇనుము కొనేవాడికి అమ్మేశాననీ, వాడు డబ్బులు లేక పదకొండు మేకలిచ్చాడనీ చెప్పాను. అందరూ పడిపడి నవ్వారు. వెనక గొర్రెతోలు కోటు నిలబడి ఉంది. అది నవ్వలేదు.

ఇక అసలు సంగతి. నా భార్య రియాద్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. ఇద్దరం ఒకే దేశంలోనే ఉన్నాం, చూసుకోవాలంటే మాత్రం ఇండియాకు పోవాలి. ఆమెను ఆ ఇంటి గేటు దాటనివ్వరు, నన్ను క్యాంపు దాటనివ్వరు. శుక్రవారం శుక్రవారం ఫోను కార్డు గీకి మాట్లాడుకోవడమే. అలా మూడేళ్లు గడిచాయి. చివరికి ఆమె మేడమ్ నలభై రోజులు సెలవిచ్చింది. నేను మా ఆఫీసులో కాళ్లావేళ్లా పడి అవే రోజులకు నా సెలవు కలిపించుకున్నాను. ఆ నలభై రోజులూ తప్పితే మళ్లీ రెండేళ్లు.

సెలవు పోయేవాడు తన పేరు మీదున్న సామానంతా అప్పజెప్పి, క్లియరెన్సు కాగితం మీద ఫోర్‌మన్ సంతకం తీసుకోవాలి. ఆ సంతకం చూశాకే ఆఫీసు పాస్‌పోర్టు చేతికిస్తుంది. నా పేరు మీద డిటెక్టరు, రెండు పారలు, ఒక వాల్వు కీ ఉన్నాయి. వాల్వు కీ అంటే జేబులో వేసుకునేది కాదు. నా గడ్డం దాకా వచ్చే ఇనుప కడ్డీ, పైన అడ్డంగా పిడి. భుజాన వేసుకుంటే మనిషి పక్కకు ఒరిగి నడవాలి.

సెలవుకు వారం ముందు ఒక సాయంత్రం పని దిగుతుండగా ఫోర్‌మన్ అద్దం దించి, "రేపు మళ్లీ ఇక్కడికే కదా వచ్చేది. ఆ కీ మోసుకురావడం ఎందుకు, మూత పక్కనే నాటేసి వచ్చెయ్" అన్నాడు. నాటాను. కనపడాలని ఎర్రగుడ్డ కూడా కట్టాను. ఆ రాత్రి గాలి లేచింది. మూడు రోజులు ఎవరూ క్యాంపు వదిలి కదల్లేదు. నాలుగో రోజు వచ్చి చూస్తే కీ లేదు, గుడ్డ లేదు, మూత కూడా లేదు.

"కీ ఏదయ్యా?" అన్నాడు ఫోర్‌మన్.

"నువ్వే గదా సార్, మూత పక్కన నాటి రమ్మంటివి."

"నేనా? నేనెప్పుడు చెప్పేను?" అన్నాడు. తర్వాత మిగిలిన ఇద్దరు కూలీలకూ, పఠాన్ డ్రైవరుకూ వినపడేలా గొంతు పెంచాడు. "ట్యాంకులే అమ్మేసినోడికి కీ ఒక లెక్కా! ఈసారి ఎన్ని మేకలిచ్చేడేంటి?"

"అది ఉత్త కబురు సార్. చలికి చెప్పుకునేది."

"మరి ఇది కబురు కాదని ఎలా నమ్మమంటావ్? నీ నోట్లోంచి ఎప్పుడైనా నిజం ఊడిపడిందా? సోమవారం లోపు కీ కనపడాలి. కనపడకపోతే సంతకం లేదు. హరామీ అని రాసి ఆఫీసుకు పంపించేత్తాను. ఆ తర్వాత నువ్వూ, పోలీసులూ."

హరామీ అంటే అక్కడ దొంగ. ఆ మాట కాగితం మీద పడితే ఏమవుతుందో తెలియనివాడు ఆ దేశంలో ఉండడు. అది శనివారం పొద్దున. చేతిలో ఉన్నవి ఆ రోజు, ఆదివారం, సోమవారం మధ్యాహ్నం దాకా.

డిటెక్టరు చెవులకు తగిలించుకుని దిగాను. మూత గంటలో దొరికింది. దాని చుట్టూ గుండ్రంగా గీతలు గీసుకుంటూ వెతకడం మొదలుపెట్టాను. రెండడుగులు వేశానో లేదో, కూత. తవ్వాను. మేకు. ఇంకో అడుగు, కూత. మేకు. వంగిన మేకు, కాలిన మేకు, తల లేని మేకు, మూడు కలిసి పెనవేసుకున్న మేకులు. అప్పుడు తెలిసింది మేం చేసుకున్న నిర్వాకం. ఏటా ప్రతి మూత దగ్గరా ప్యాలెట్లు కాల్చింది మేమే. చెక్క బూడిదై గాలికి పోయింది. మేకులు ఎక్కడికి పోతాయి? ఏళ్ల తరబడి కాచుకున్న వెచ్చదనమంతా ఇసుకలో ఇనుమై కూర్చుని నన్ను చూసి కూస్తోంది.

మధ్యాహ్నానికి ఇంకో చిక్కు. మేకుల సన్న కూతలు విడదీసి వినాలంటే డిటెక్టరు పళ్లెం కాలి పక్కనుంచి మెల్లగా పోవాలి. కానీ కంపెనీ సేఫ్టీ షూలకు ముందు ఇనుప రేకు ఉంటుంది. పళ్లెం దగ్గరికి రాగానే నా కాలే కూస్తుంది. చేసేది లేక షూలు విప్పాను. మూడు జతల సాక్సులు, వాటిపైన రొట్టెల ప్లాస్టిక్ సంచులు కట్టుకుని ఇసుకలో నడిచాను. ఆ ఇసుక కాళ్లను కరిచింది. కాసేపటికి కరవడం మానేసింది. అప్పుడు నాకు భయమేసింది.

పఠాన్ దూరం నుంచి అరిచాడు. "చాచా, జూతే పహనో! పాఁవ్ గల్ జాయేగా!" కాళ్లు కుళ్లిపోతాయి, బూట్లు తొడుక్కోమని.

పికప్ అద్దం రెండు వేళ్లంత దిగింది. వెచ్చటి గాలితోపాటు మాట వచ్చింది. "ఏయ్ కడపా! సేఫ్టీ షూ లేకుండా సైటులో తిరుగుతున్నావ్. ఇది కూడా రాత్తాను."

"రాయి సార్. కాయితం సరిపోకపోతే చెప్పు, నా వీపుండాది."

అద్దం మూసుకుంది.

ఆదివారం కూడా అంతే. ఒక గోనెసంచి అడుగు నిండా మేకులు తేలాయి గానీ కీ లేదు. మూత చుట్టూ వెతకని చోటు లేదు. ఉన్నదల్లా ఒక్కటే, పికప్ నిలబడిన చోటు. రోజూ ఉదయం వచ్చి ఆ రాతిదిబ్బ చాటునే ఆగుతుంది, సాయంత్రం దాకా కదలదు. అంత ఇనుము పక్కన డిటెక్టరు పెడితే కోడిని కోసినట్టు అరుస్తుంది తప్ప ఏమీ తెలియదు. సోమవారం పొద్దున అడిగాను.

"సార్, బండి రవ్వంత పక్కకు తీయిస్తావా? కింద చూస్తా."

"బండి తీస్తే గాలి మొత్తం నా మొహానే కొడుతుంది. నువ్వు పోగొట్టినదానికి నేను చలికి చావాలా?"

"ఒక్క పది నిమిషాలు సార్."

"పో. పోయి మేకులేరుకో. మీ ఆవిడకు నగలు చేయించొచ్చు."

ఆమె సంగతి ఎత్తకుండా ఉండాల్సింది. నేను తిరిగి నాలుగడుగులు వేశాను. అక్కడినుంచి మళ్లీ బండివైపు పళ్లెం ఊపుకుంటూ వచ్చాను. డిటెక్టరు అరిచింది, బండి ఉంటే అరవదా మరి. నేను మాత్రం ఠక్కున ఆగి, ఒక చెయ్యి పైకెత్తాను. మొహంలో రక్తం లేకుండా చేసుకోవడానికి కష్టపడే పని లేదు, చలి ఆ పని ముందే చేసి పెట్టింది.

"సార్, కదలొద్దు."

"ఏంటి?"

"బండి కింద కూత గుండ్రంగా ఉండాది."

"కూత గుండ్రంగా ఉండడమేంటయ్యా?"

"మేకు కూత సన్నంగా ఉంటాది. కీ కూత పొడుగ్గా. ఇది కుండ మాదిరి ఉండాది సార్. పాత యుద్ధంలో పడి పేలకుండా ఉంటాయే, అట్లాంటిదేమో."

"బండి ఇనుమే కదా కూసేది! నాకు చెవుల్లో పువ్వులెడతావా?"

"బండి కూత నాకు తెలీదా సార్, ఎనిమిదేండ్లు?" అని వెనక్కి ఒక అడుగు వేశాను. ఆగాను. ఇంకొకటి వేశాను. అక్కడ పేలని గుండ్ల మాట ఎవరూ తేలిగ్గా తీసుకోరు. పనిలో చేరిన రోజే బొమ్మలు చూపించి మరీ చెబుతారు. నా నడక చూసి పఠాన్ ఏదో ప్రార్థన చదువుకుంటూ పరుగెత్తాడు. మిగిలిన ఇద్దరూ అతని వెనక. అబద్ధాలకోరును నమ్మకపోవచ్చు గానీ, పరుగెత్తే పఠాన్‌ను నమ్మకుండా ఎలా? పికప్ తలుపు తెరుచుకుంది. గొర్రెతోలు కోటు సీటు మీదే ఉండిపోయింది. హీటరు దొర ఒట్టి సాక్సులతో ఇసుకలోకి దూకి, నేనెన్నడూ చూడని వేగంతో పోయి, గాలికి ఎదురుగా, చాలా దూరంలో నిలబడ్డాడు.

నేను పికప్ ఎక్కాను. లైసెన్సు లేదు, గేర్లు తెలుసు. లోపల ఆ వెచ్చదనం చూసి ఏడుపొచ్చింది. నేను మేకులేరుతున్నంతసేపూ ఇతను ఇందులో ఉన్నాడన్నమాట. కాళ్లు హీటరు దగ్గర పెట్టి కాసేపు కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే అతను చంకల్లో చేతులు పెట్టుకుని ఎగురుతున్నాడు. తొందరేమీ లేదనిపించింది. బాగా కాగాక, బండిని ముప్ఫై అడుగులు ముందుకు తీసి దిగాను. పళ్లెం తిప్పాను. పొడుగాటి కూత. మోచెయ్యంత తవ్వేసరికి పిడి తగిలింది.

కీ భుజాన వేసుకుని అతని దగ్గరికి నడిచాను. పెదాలు నీలంగా ఉన్నాయి.

"బాంబు?" అన్నాడు.

"ఇదే సార్. పేల్లేదు."

పఠాన్ కింద కూలబడి నవ్వాడు. ఫోర్‌మన్ కీ వంక చూసి, నా వంక చూసి, పళ్లు టకటకలాడుతుండగా అడిగాడు. "మూత పక్కన నాటింది బండి కిందికెలా వచ్చింది?"

"గాలి సార్. ఉత్తరపు గాలి."

అతను బండిలో కూర్చుని క్లియరెన్సు మీద సంతకం పెట్టాడు, కలం కాగితానికి చిల్లి పెట్టేంత గట్టిగా. కింద ఇంకో కాగితం మీద షూ విప్పినందుకు ఒకటి, లైసెన్సు లేకుండా బండి నడిపినందుకు ఒకటి వార్నింగులు రాశాడు. "తిరిగొచ్చేక చెబుతాను నీ పని" అన్నాడు. చెప్పాడు కూడా. తర్వాత రెండు చలికాలాలూ నన్ను మంట దగ్గరికి రానివ్వలేదు.

నేను మద్రాసు దిగిన మర్నాడు ఆమె దిగింది. మూడేళ్ల తర్వాత ఆమె నా మొహంకంటే ముందు నా కాళ్లు చూసింది. చెప్పుల్లోంచి వేళ్లు నల్లగా, తోలు ఊడిపోయి కనపడుతున్నాయి.

"ఏంది మే ఈ కాళ్లు?" అంది. "ఏం చేస్తివి?"

ఎయిర్‌పోర్టు బయట పెట్టె మీద కూర్చుని, ఇప్పుడు మీకు చెప్పినట్టే ఆమెకు చెప్పాను. "వాని హీటరు కాలిపోను! నాటమన్నది వాడే, దొంగవన్నది వాడేనా?" అని ఆమె అక్కడే మట్టి తీసి గాల్లోకి విసిరింది. ఆ నలభై రోజులూ నా కాళ్లకు ఆముదం రాస్తూ, రాసినప్పుడల్లా ఫోర్‌మన్‌ను తిట్టింది. ఇప్పటికీ చలికాలం నా వేళ్లు సలిపితే ఆమె నోట ముందు వచ్చేది అతని వంశమే. నేను ఒక్కసారీ వద్దనలేదు.

కల్పించింది ఒకటే. మూత పక్కన నాటి రమ్మని ఫోర్‌మన్ చెప్పలేదు, ఆ శనివారం అతని మొహం మీదే నేను అల్లిన మాట అది. ఎర్రగుడ్డా లేదు. ఆ సాయంత్రం అతను అద్దం దించి, "కీ బండిలో ఎక్కించేవా?" అని అడిగాడు. చేతులు కొయ్యబారిపోయి ఉన్నాయి, దాన్ని బండి వెనకదాకా మోసుకొచ్చి, పైకెత్తడం చేతకాక చక్రం పక్కన ఇసుకలో పడేసి, "ఎక్కించినా సార్" అన్నాను. అది ఎక్కడుందో మొదటి గంట నుంచీ నాకు తెలుసు. బండి తీయమంటే నేనే పడేశానని బయటపడుతుంది. అందుకే రెండు రోజులు లేనిచోట వెతికాను.