దోసిలి పట్టని అత్తయ్య

పోయిన వారం పొద్దున్నే నాన్న ఫోన్ చేశారు. "అత్తయ్య వెళ్లిపోయిందమ్మా," అన్నారు. తర్వాత, "ఆఖరి స్నానం చేయిద్దామంటే కుళాయి ఇంకా రాలేదు," అన్నారు. అమలాపురంలో బస్సెక్కి రాజోలు వైపు వెళుతున్నంతసేపూ ఆ రెండో మాటే నా చెవిలో తిరిగింది.

అత్తయ్యంటే మా నాన్న అక్క. టీచరుగా రిటైరయ్యాక మా ఊరికి సర్పంచ్ అయ్యారు. మా పేట నుంచి ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి. సముద్రం దగ్గర కావడంతో మా వైపు బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి. కాలువ నీళ్లు చెరువులో నింపుకుని, శుద్ధి చేసి కుళాయిలకు వదలాలి. ఆవిడ చిన్నప్పుడు ఆ కుళాయిలూ లేవు. ఊరి నూతిని మావాళ్లు ముట్టుకోకూడదు. ఎవరో దయతలచి పైనుంచి పోస్తే, వంగి దోసిలి పట్టి తాగాలి.

అందుకే కుళాయి దగ్గర పిల్లలెవరైనా దోసిలి పట్టారంటే ఆవిడకు ఎక్కడలేని కోపం వచ్చేది. "మీ ఇంట్లో గ్లాసు లేదేంట్రా? నిటారుగా నిలబడి తాగు!" అని కేకలేసేవారు. చివరికి తనే కుళాయి పక్క గోడకు మేకు కొట్టి ఓ స్టీలు గ్లాసు తగిలించారు. నేనూ ఆ తిట్లు తిన్నదాన్నే.

ఆవిడకు ఎదురు చెప్పగలిగిన మనిషి మా నాన్న ఒక్కరే. కావాలనే ఆవిడ కళ్లముందు దోసిలి పట్టి తాగేవారు. కిందటి పంచాయతీ ఎన్నికల్లో, గెలిస్తే కుళాయి పన్ను ఎత్తేస్తామని అవతలి వర్గం ప్రచారం మొదలెట్టింది. నాన్న వాళ్లవైపు వెళ్లిపోయారు.

"దాహానికి పన్నేంటక్కా? కూలికెళ్లి బతికేవోళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చి కడతారు?"

"కట్టలేనోళ్లకి తగ్గిద్దాం. అసలే వద్దంటే, రేపు నీళ్లు రాకపోతే ఏ మొహంతో అడుగుతావు? పన్ను కట్టినోడు అడుగుతాడు తమ్ముడూ, ఊరికే తాగేవోడు దణ్ణం పెడతాడు."

"నీ చిన్నప్పటి భయం ఇంకా పోలేదు."

"పోదు. అప్పటికి నువ్వు పుట్టలేదు."

నాన్న మాటలోనూ న్యాయం ఉంది, కాదనను. ఆవిడ మనుషులే వచ్చి బతిమాలారు. "మీరూ ఎత్తేస్తామని ఒక్క మాటనెయ్యండి టీచరుగారూ, గెలిచాక చూసుకుందాం." ఆవిడ వినలేదు. "అబద్ధమాడి ఆ కుర్చీలో కూర్చోలేనండి," అన్నారు. ఓడిపోయారు. సొంత పేటే ఓటెయ్యలేదు. పన్ను పోయింది.

ఆ మరుసటి వేసవిలో ఎప్పట్లాగే కాలువలకు నీళ్లు కట్టేశారు. చెరువు అడుగంటి, ఊరి చివరనున్న మా పేటకు నీళ్లాగిపోయాయి. అడగడానికి వెళ్లిన ఆడవాళ్లతో, "ఊరికే వచ్చే నీళ్లకి ఇంత గొడవేంటమ్మా?" అన్నారట పంచాయతీ ఆఫీసులో. తలొంచుకుని తిరిగొచ్చారు. సంగతి తెలిసి అత్తయ్య ఖాళీ బిందె చంకనెట్టుకుని బయల్దేరారు. నేను ముందే చెప్పలేదా అని ఎవరినీ దెప్పలేదు. ఆఫీసు మెట్ల మీద బిందె పెట్టుకుని కూర్చున్నారు.

"పన్నొద్దన్నది మీరు. నీళ్లొద్దని మేం అన్లేదండి."

"ఆయ్, వదుల్తామండి టీచరుగారూ," అని ఆఫీసువాళ్లు అన్నాక కూడా కుళాయి వచ్చిందని కబురొచ్చేదాకా లేవలేదు. తనను ఓడించిన వాళ్ల కోసం అలా కూర్చున్న మనిషికి మేనకోడలినని చెప్పుకోవడం నాకెంత గర్వమో! పన్ను సంగతిలో మాత్రం అక్కాతమ్ముళ్లు ఎవరూ తగ్గలేదు. ఆదివారం చర్చి నుంచి వస్తూ కూడా అదే వాదన.

అత్తయ్య పోయిన రోజు నేను వెళ్లేసరికి ఇంటి ముందు జనం. నీళ్లు మాత్రం రాలేదు. "పెద్ద వీధిలో ట్యాంకున్నోళ్లని రెండు బిందెలు అడుక్కొద్దామండి," అన్నారెవరో. నాన్న తలెత్తారు.

"మా అక్కకి అడుక్కొచ్చిన నీళ్లు పొయ్యను."

అత్తయ్య బిందెను తనే చంకనెట్టుకుని ఆఫీసుకు నడిచారు నాన్న. ఆ మెట్ల మీదే కూర్చున్నారట. ఆయన తిరిగొచ్చేసరికి కుళాయి వచ్చింది.

బిందె నింపి ఆడవాళ్లకు అందించి, నాన్న కుళాయి దగ్గరే ఉండిపోయారు. గొంతు ఆరిపోయినట్టుంది. అలవాటుగా దోసిలి పట్టబోయి ఆగారు. మేకుకున్న గ్లాసు తీసి, నిండా పట్టుకుని, నిటారుగా నిలబడి తాగారు.