వీపు తిప్పిన అమ్మమ్మ

జెర్సీ సిటీలో మా బిల్డింగ్ లాబీలో మొన్న ఒక పెద్ద తైలవర్ణ చిత్రం తగిలించారు. ట్రినిడాడ్‌లో ఓ పల్లె వాకిలి. ఎండబోసిన కోకో గింజల్ని ఆడవాళ్ళు వట్టి కాళ్ళతో తొక్కుతున్నారు. అలా తొక్కితేనే గింజకు మెరుపొస్తుందట. అందరి మొహాలూ మనవైపే. మధ్యలో ఉన్నావిడ మాత్రం మనకు వీపు తిప్పి, దూరంగా సముద్రంకేసి చూస్తోంది. ట్రైన్‌కి పరిగెత్తే పిల్లలు కూడా దాని ముందు ఆగుతున్నారు. నిన్న ఒకమ్మాయి, "ఆ బ్యాక్ చూడండి ఆంటీ, ఎంత పెయిన్ ఉందో!" అంది. నేను లిఫ్ట్ బటన్ నాలుగుసార్లు నొక్కాను. ఆ వీపు నా నిర్వాకం.

బొమ్మ వేసింది మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండిన ట్రినిడాడ్ ఆవిడ. డెబ్బై దాటినా రోజంతా రంగుల్లోనే ఉండేది. ఆవిడ టర్పెంటైన్ వాసన మా పప్పులోకి వచ్చేది, మా ఇంగువ వాసన ఆవిడ బొమ్మల్లోకి వెళ్ళే ఉంటుంది. ఈ బొమ్మ నేను మొదటిసారి చూసినప్పుడు మధ్యలో ఉన్నావిడ ఇటే తిరిగి, ముందుపన్ను లేని నోటితో పగలబడి నవ్వుతుండేది. ఆ నవ్వే మనిషి మా పక్కింటావిడకి అమ్మమ్మ. ఫొటో ఒక్కటీ లేదు. చిన్నప్పుడు చూసిన ఆ మొహాన్ని, కూతురికి చూపించాలని మూడేళ్ళు కుస్తీపట్టి కాన్వాస్ మీదకి తెచ్చుకుంది.

నేను ఊరుకోవచ్చుగా! అమ్మమ్మ మద్రాసు నుంచి ఓడలో ట్రినిడాడ్‌కి కూలీగా వచ్చిందని ఆవిడ అనగానే, "ఏ ఊరు? ఎవరి తాలూకు?" అని మొదలుపెట్టాను. ఎదుటిమనిషితో ఏదో ఒక చుట్టరికం కలిస్తేగాని మనకి కాఫీ రుచించదు. ఆవిడకి ఊరు తెలియదు. నా దగ్గర ఊళ్ళకేం కొదవ? భీమిలి పక్కన మా ఊరే ఇచ్చేశాను. అక్క ఓడెక్కి వెళ్ళిపోతే, చచ్చేదాకా రోజూ సాయంత్రం ఒడ్డున నిలబడిన ఓ చెల్లెల్ని కూడా ఇచ్చాను. "ఆ చెల్లెల్ని మా తాతమ్మ కళ్ళారా చూసింది" అన్నాను. ఆవిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. కథ ఇంత బాగా పండినందుకు నేను మురిసిపోతూ ఇంటికొచ్చాను. "నీ కోతలు ఆవిడ దగ్గర కూడానా? ఆవిడ సీరియస్‌గా తీసుకుంటుందే" అన్నారు మావారు. నేను వింటేగా.

రెండు వారాల తర్వాత ఆవిడే తలుపు కొట్టి తీసుకెళ్ళింది. బొమ్మలో అమ్మమ్మ నవ్వు లేదు. మొహమే లేదు. ఇంకా ఆరని రంగుతో వీపు. "ఆవిడ నవ్వేదనే గుర్తు, డార్లింగ్. కానీ చిన్నపిల్లని, నాకేం తెలుసు? చెల్లెల్ని అలా వదిలొచ్చిన మనిషి నవ్వుతుందా?" అంది.

"చెల్లెలు లేదు. ఊరు కూడా నేను అంటగట్టిందే" అన్నాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. కుంచె తుడుచుకుంటూ, "మా అమ్మాయి ఆ నవ్వుమొహాన్ని ఇంకా చూడనైనా లేదు" అంది, అంతే.

ఆ వీపుని గీకేసి, మొహం మళ్ళీ వెయ్యాలని చూసింది. ఎన్నిసార్లు వేసినా నవ్వు కుదరలేదు. "ఎలా వేసినా సముద్రంకేసి చూస్తూ ఎవరినో వెతికే కళ్ళే వస్తున్నాయి. నువ్వు చెప్పిన మనిషే వస్తోంది. మా అమ్మమ్మ రావడం లేదు" అని, చివరికి వీపే వేసి వదిలేసింది. ఆ తర్వాత ఆవిడ తలుపు నేను కొట్టలేదు. కిందటి చలికాలం ఆవిడ పోతే, కూతురు వచ్చి బొమ్మని బిల్డింగ్‌కి ఇచ్చి వెళ్ళింది. "మా ముత్తవ్వ చెల్లెలి కోసం చూస్తోంది" అని అందరికీ చెప్పిందట. తల్లి ఆమెకి అసలు సంగతి ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. నేనూ చెప్పలేదు.

నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిటినీ కాలం మరిపించింది. ఈ ఒక్కదాన్నే నిజం చేసి కూర్చోబెట్టింది.