తాయప్ప ఫోల్డరు, తెరుచుకోని పాఠం

అది 2016 ఎండాకాలం. రాయచూరు స్టేషన్ రోడ్డులో మాది నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్. పక్క సందులో రైస్ మిల్లు ఉండటంతో తవుడు దుమ్ము గాలిలో వచ్చి కంప్యూటర్ల ఫ్యాన్లలో పేరుకునేది. ఆదివారాలు పెయింటు బ్రష్షు పట్టుకుని దులుపుతూ కూర్చునేదాన్ని. ఇప్పటికీ ఎక్కడైనా తవుడు వాసన తగిలితే నాకు ముందు ఆ సెంటరే గుర్తొస్తుంది.

ఆ నాలుగింటిలోనూ లినక్స్ ఉండేది. దానికో కారణముంది. సెంటర్ తెరిచిన కొత్తలో, కంప్యూటర్లు అమ్మినాయన దొంగ కాపీ విండోస్ వేసి ఇచ్చాడు. వైరస్ పట్టి అవి కూలబడినప్పుడు ఫోన్ చేస్తే, "మేడం, మీరు దేన్నీ ముట్టుకోకండి. ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే ఫోనివ్వండి" అన్నాడు. ఇంట్లో ఉన్నది మా నాన్న. గిల్లేసూగూరు దగ్గర కాలువ కింద వరి పండించే మనిషి. ఆయనకు ఫోనిస్తే ఊడ్పుల సంగతి చెప్పి ఉండేవాడు. నేను ఫోన్ పెట్టేసి, కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలోని లినక్స్ వేసుకున్నాను. విండోస్ చేసే పనే అదీ చేస్తుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాని గుర్తు పెంగ్విన్ పక్షి కాబట్టి, ఎదురుగా విండోస్ సెంటర్ నడిపే వీరేశ్ మాకు "పెంగ్విన్ దుకాణం" అని పేరు పెట్టాడు. కంప్యూటర్లు అమ్మినాయన మాటా, వీరేశ్ మాటా నేను మర్చిపోలేదు.

మా సెంటర్లో ఒక పద్ధతి ఉండేది. తరచుగా వచ్చే ప్రతి మనిషికీ తెర మీద ఒక ఫోల్డర్, అంటే వాళ్ళ కాగితాలు దాచుకునే అర. దాని మీద పేరు వాళ్ళు చదవగలిగే లిపిలోనే రాసేదాన్ని. కన్నడం వాళ్ళకు కన్నడంలో, ఉర్దూ వాళ్ళకు ఉర్దూలో, మనవాళ్ళకు తెలుగులో. ఇంగ్లీషు రానివాళ్ళు కూడా తమ పేరు తామే వెతుక్కుని నొక్కేవారు. ఆ తెర చూస్తే రాయచూరు బజారు చూసినట్టుండేది.

తాయప్ప యరమరస్ కరెంటు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర, బొగ్గు మోసే బెల్టు మీద హెల్పరు. నలభై దాటినవాడు. బడి చదువు తెలుగులో. ఒకరోజు డ్యూటీ దిగి, ఒళ్ళంతా బొగ్గు పొడితో తిన్నగా వచ్చాడు.

"అక్కా, జర పరేషాన్ల ఉన్న. గీ భద్రత కోర్సు సదివి పరీక్ష పాసైనోళ్ళనే కొత్త కాంట్రాక్టుల ఉంచుతరంట. పాఠాలు తెలుగుల గూడ ఉన్నయంట. కంప్యూటర్ల తెరిస్తేనే కనబడతయి."

పాఠాలను తయారుచేసిన శిక్షణ కంపెనీ వాటిని తాళం వేసిన పీడీఎఫ్ ఫైళ్ళుగా పంపింది. వాటిని తెరవడానికి ప్లగిన్ కావాలి. ప్లగిన్ అంటే పెద్ద ప్రోగ్రాముకు తగిలించే చిన్న ప్రోగ్రాము, ఇక్కడ తాళంచెవి లాంటిది. లినక్స్‌కు కూడా ఒక ప్లగిన్ ఉందని వాళ్ళ వెబ్‌సైటులో ఒక మూల రాసి ఉంది. ఉంది కాబట్టి వేశాను.

వేయగానే పని చేస్తే ఇది రాసేదాన్ని కాదు. ప్లగిన్ పాతకాలపు 32 బిట్‌ది, మా సిస్టం 64 బిట్‌ది. పాత నట్టుకు కొత్త బోల్టు పట్టనట్టు రెంటికీ పొసగలేదు. పాత రకం లైబ్రరీలు, అంటే ప్రోగ్రాములు ఆధారపడే ఉమ్మడి సరంజామా, వెతికి ఎక్కించాను. తర్వాత ప్లగిన్‌ను పీడీఎఫ్ రీడర్ వెతుక్కునే చోట పెట్టి అనుమతులు సరిచేశాను. మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టర్ కీచుమంటుంటే తాయప్ప విసనకర్రగా అట్టముక్క పట్టుకుని నాకూ కంప్యూటరుకూ కలిపి విసిరాడు. చివరికి రీడర్ ఐడీ అడిగింది. అతని ఐడీ కొట్టాను. ఒప్పుకుంది. పాఠం మీద నొక్కాను. "ఫైలు తెరవడం సాధ్యం కాదు" అంది.

ఇంకెక్కడైనా తెరుచుకోమందామంటే అదీ కుదరదు. ఐడీ మొదట ఏ కంప్యూటరులో ఒప్పుకుంటే పాఠాలు ఆ ఒక్కదానిలోనే తెరుచుకోవాలని వాళ్ళ నిబంధన. ఇప్పుడు తాయప్ప నౌకరి నా కంప్యూటరుకు కట్టుబడిపోయింది. కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను.

"లినక్సా?" అంది అవతలి గొంతు, నవ్వు ఆపుకుంటూ. "మామూలు కంప్యూటర్ వాడండి మేడం."

"మరి మీ సైటులో లినక్స్ ప్లగిన్ ఎందుకు పెట్టారు?"

"అది ఎవరూ వాడరు మేడం. కొత్త ఐడీకి కాంట్రాక్టరు రాయాలి. రాసినా పరీక్ష తేదీ లోపల ఐడీ రాదు."

ఫిర్యాదు రాసుకోమన్నాను. రాసుకున్నానంది. సాయంత్రానికి సంగతి రోడ్డు దాటింది. వీరేశ్ గడప దగ్గర నిలబడి, "ఏం మేడం, మీ పెంగ్విన్ పాఠాలు సదువుతలేదా? నా తానకు వస్తే ఎప్పుడో పాసైతుండె తాయప్ప" అన్నాడు. తాయప్ప తల దించుకున్నాడు. అది చూశాక నాకు నిద్ర పడుతుందా?

మర్నాడు అతను వచ్చేసరికి రీడర్‌ను టెర్మినల్ నుంచి నడుపుతున్నాను. టెర్మినల్ అంటే ఆదేశాలు టైపు చేసే నల్ల తెర. ప్రోగ్రాము మామూలుగా లోపల దాచుకునే గొణుగుడంతా అక్కడ బయటికి కక్కుతుంది. పాఠం తెరవబోయి ఎక్కడ ఆగిందో ఒక వరుస కనిపించింది. ఫైలుకు వెళ్ళే దారి అది. డ్రైవు పేరు సరిగా ఉంది, సెంటర్ పేరు సరిగా ఉంది, ఆ తర్వాత తాయప్ప పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు.

అప్పుడర్థమైంది. అతని ఫోల్డరు పేరు తెలుగులో ఉంది. రీడర్‌కు తెలుగు అక్షరాలతో ఇబ్బంది లేదు, అందుకే అతని మిగతా కాగితాలన్నీ రోజూ తెరుచుకునేవి. ఈ ప్లగిన్‌కు మాత్రం ఇంగ్లీషు అక్షరాలు తప్ప దారి తెలియదు. పాఠం తెలుగులో అమ్మినవాళ్ళు, తెలుగు పేరున్న అరలోంచి దాన్ని తీయడం నేర్పలేదు.

"గీ ప్రశ్నలన్నీ ఏందక్కా?" అన్నాడు తాయప్ప.

"అది మీరేనండి. మీ పేరు దానికి చదవడం రాలేదు."

"ప్లాంటు గేటు కాడ గూడ గంతే. తాయప్పనా, తిప్పప్పనా అని దినాం అడుగుతరు" అని నవ్వాడు. ఈ గొడవ మొదలయ్యాక అదే మొదటి నవ్వు.

పాఠాన్ని ఇంగ్లీషు పేరున్న వేరే ఫోల్డరులోకి మార్చి నొక్కాను. తెరుచుకుంది. తెర మీద తెలుగులో, "బెల్టు నడుస్తుండగా చేతితో తాకరాదు" అన్న మొదటి వాక్యం. తాయప్ప దాన్ని పైకి చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇగ ఆ పాత పేరు దీసెయ్యక్కా. పాఠం తెరుసుకుంటే సాలు."

"తియ్యను" అన్నాను.

తియ్యలేదు కూడా. ఫైలు ఇంగ్లీషు ఫోల్డరులోనే ఉంచి, అతని తెలుగు ఫోల్డరులో ఒక షార్ట్‌కట్ పెట్టాను. అంటే వేరే చోటున్న ఫైలును తెరిచే మీట. దాని మీద "తాయప్ప పాఠాలు" అని తెలుగులో రాశాను. అతను ఎప్పటిలా తన పేరు నొక్కి లోపలికి వెళ్ళేవాడు. పరీక్ష దాకా రోజూ డ్యూటీ దిగి వచ్చి, గోడ పక్క కంప్యూటరు దగ్గర వేలు పెట్టి చదివేవాడు. అతను లేచాక కీబోర్డు మీది బొగ్గు తుడవడం నా వంతు. ఆ నల్లటి వేలి గుర్తుల మీద అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు కీబోర్డులన్నీ శుభ్రంగానే ఉంటున్నాయి. అందరూ ఫోనులోనే చూసుకుంటారు.

పరీక్ష ఫలితం వచ్చిన రోజు మండక్కి బొరుగులు, మిరపకాయ బజ్జీల పొట్లంతో వచ్చాడు. కాంట్రాక్టులో ఉంచారు. వీరేశ్‌కు కూడా పెట్టమని ఆ పొట్లం నేనే తాయప్ప చేతికిచ్చి రోడ్డు దాటించాను. వీరేశ్ తిన్నాడు.

తెలుగు పేరే కారణమని సహాయ కేంద్రానికి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను, నా ఫిర్యాదుకూ జవాబు దొరికింది. కొన్నాళ్ళకు ప్లగిన్ సూచనలలో కొత్త వాక్యం ఒకటి చేరింది: ఫోల్డరు పేర్లు ఇంగ్లీషులోనే పెట్టుకోవలెను. తప్పు మా మీదికే నెట్టారు. ఆ తర్వాత లినక్స్ ప్లగిన్‌నే ఎత్తేశారు.

ఈ పనిలో ఆ కేసు నాకు నేర్పింది ఒకటే. తాళం తెరుచుకోనప్పుడు చెవినే తిప్పుతూ కూర్చోకూడదు, చెవి తాళం దాకా చేరిందో లేదో చూడాలి. అప్పటినుంచి ఏది మొరాయించినా ముందు నల్ల తెర తెరిచి దారి చదువుతాను.

పోయిన ఏడాది తాయప్ప వచ్చాడు. ఆపరేటరు అయ్యాడు, చొక్కాకు బొగ్గు లేదు.

"నా పేరు ఉన్నదా అక్కా?"

ఉందని చూపించాను. మీట నొక్కాడు. తెరుచుకోలేదు. పాఠాల గడువు ఎప్పుడో తీరిపోయింది.

"తీసెయ్యనా మరి?" అన్నాను.

"వద్దక్కా. ఆడ కంట్రోల్ రూంల నా పేరు ఇంగ్లీషుల ఉంటది. ఈడన్న గిట్ల ఉండనీ."

ఉంచాను.